కదలని తాడు దగ్గరే వేళ్లు పోతాయి: కప్పీ బ్లాకు డిజైన్‌లోని చిక్కుముడి

క్రేన్ హుక్కు ఖాళీగా కిందికి దిగుతుంది. దాన్ని బరువు మీదికి తేవాలి. అది గాల్లో ఊగుతూ, తనలో తాను కాస్త తిరుగుతూ ఉంటుంది. కింద నిలబడ్డ ఖలాసీ చేయి చాచి దాన్ని అందుకోవాలి. హుక్కు జిడ్డుగా ఉంది. దాని పైనున్న బ్లాకు, అంటే కప్పీలను పట్టి ఉంచే ఉక్కు గూడు, వెడల్పుగా, నున్నగా ఉంది, పట్టు దొరికే అంచు ఎక్కడా లేదు. అందుకని చేయి ఇంకో జానెడు పైకి పోయి, బ్లాకులోంచి పైకి లేచే వైరు రోప్‌ను పట్టుకుంటుంది. పిడికిలికి సరిగ్గా సరిపోయే మందం అదొక్కటే మరి. ఆ క్షణంలో ఆపరేటర్ హుక్కును నాలుగంగుళాలు లేపినా చాలు.

తర్వాత రాసే రిపోర్టులో ‘కార్మికుడి అజాగ్రత్త’ అని ఒక మాట పడుతుంది. ఆ మాటతో నాకు పేచీ ఉంది. ఊగే వస్తువును ఆపడానికి ఎవరైనా దొరికిన పట్టునే పట్టుకుంటారు. బ్లాకును గీసినవాళ్లు అందులో తాడుకు దారి ఇచ్చారు, ఇరుసుకు చోటిచ్చారు, హుక్కు తిరగడానికి బేరింగు పెట్టారు. చేతికి మాత్రం ఏ చోటూ ఇవ్వలేదు. చేయి తన చోటు తానే వెతుక్కుంది.

కాబట్టి ‘చేయి అక్కడ పెట్టకుండా ఎలా ఆపాలి’ అన్న ప్రశ్న కంటే ముందు ‘చేయి అక్కడికి ఎందుకు పోతోంది’ అని అడగాలి. డిజైన్ ఎక్కడ తప్పుతోందో అప్పుడే కనిపిస్తుంది.

ఏ తాడు మింగుతుంది?

గాడి ఉన్న చక్రం మీదికి తాడు ఎక్కే చోటును భద్రతా ఇంజినీర్లు నిప్ పాయింట్ అంటారు. దాన్ని ఇక్కడ ‘కాటు’ అందాం. కాటు ఎక్కడ ఉంటుందో అందరికీ తెలుసనుకుంటాం కానీ, ఒకసారి కాగితం మీద గీసి చూస్తే చాలామంది తడబడతారు.

తాడు క్రేన్ మీద దాన్ని చుట్టుకునే డ్రమ్ము నుంచి దిగి, కింది బ్లాకులోని ఒక కప్పీ కింద నుంచి తిరిగి, మళ్లీ పైకి పోయి క్రేన్ దూలానికి కట్టేసి ఉందనుకోండి. ఆ కట్టేసిన కొస డెడ్ ఎండ్. హుక్కు పైకి లేస్తుంటే డ్రమ్ము వైపు తాడు హుక్కుకు రెట్టింపు వేగంతో పైకి పోతుంది. డెడ్ ఎండ్ వైపు తాడు అసలు కదలదు. ఈ రెండిట్లో భయపెట్టేది ఏది? సర్రున పైకి పోయేదే. చేయి కదలని తాడు వైపే మొగ్గుతుంది, అందులో వింతేమీ లేదు.

ఇప్పుడు బ్లాకు మీద కూర్చుని చూస్తున్నట్టు ఊహించుకోండి. డ్రమ్ము వైపు తాడు కప్పీని వదిలి బయటికి పోతోంది. దాన్ని పట్టుకున్న చేయి కప్పీకి దూరంగా జరుగుతుంది. అది కూడా మంచిది కాదు, కానీ కాటు అటువైపు లేదు. కదలని తాడు వైపు సంగతి వేరు. చేయి ఉన్నచోటే ఉంది, తాడు ఉన్నచోటే ఉంది, కప్పీయే కింద నుంచి తాడును మింగుతూ చేతి మీదికి ఎక్కి వస్తోంది. హుక్కును దించేటప్పుడు ఇదంతా తారుమారు అవుతుంది. అప్పుడు డ్రమ్ము వైపు తాడు కప్పీలోకి దిగుతుంది, డెడ్ ఎండ్ వైపు వదిలిపోతుంది. అంటే ఏ వైపు ప్రమాదమో ఆపరేటర్ వేలు నొక్కే బటన్‌ను బట్టి మారుతుంది. కింద ఉన్న మనిషికి ఆ బటన్ కనిపించదు.

తాడు నాలుగు వరసలుగా ఉంటే లెక్క ఇంకో మెలిక తిరుగుతుంది. హుక్కు నిమిషానికి 10 మీటర్లు లేస్తోందంటే చాలా నెమ్మదిగా ఉన్నట్టు అనిపిస్తుంది. అదే బ్లాకులో డెడ్ ఎండ్ పక్కనున్న కప్పీలోకి తాడు నిమిషానికి 10 మీటర్ల చొప్పున దిగుతుంది. రెండో కప్పీలోకి మాత్రం 30 మీటర్ల చొప్పున దిగుతుంది. డ్రమ్ముకు చేరే వరస 40 మీటర్ల వేగంతో పోతుంది. ఒకే బ్లాకులో పక్కపక్కన ఉన్న రెండు కప్పీలు, ఒకదానికి మూడు రెట్ల వేగంతో ఇంకొకటి తిరుగుతుంటాయి. హుక్కును చూసి వేగం అంచనా వేసేవాడు ఇక్కడే మోసపోతాడు.

నిమిషానికి 30 మీటర్లంటే సెకనుకు అర మీటరు. ఏదో జరిగిందని గ్రహించి చేయి వెనక్కి తీయడం మొదలుపెట్టేసరికే మనిషికి దాదాపు పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో 12 సెంటీమీటర్లకు పైగా తాడు లోపలికి పోతుంది. వేలు పొడవు అంత ఉండదు. ఇక ‘ఆపు ఆపు’ అని అరిచి, ఆ అరుపు ఆపరేటర్‌కు వినబడి, అతను బటన్ వదిలి, బ్రేకు పట్టేసరికి సెకను గడిచినా అర మీటరు తాడు దిగిపోయి ఉంటుంది. ‘అప్రమత్తంగా ఉండండి’ అనే సలహా ఈ లెక్క ముందు నిలబడదు.

ఎంత బలం? కప్పీ మీద తాడు నొక్కే బలం తెలియాలంటే తాడు బిగువును కప్పీ వ్యాసార్ధంతో భాగించాలి. తాడులో ఒక టన్ను బిగువు, 300 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న కప్పీ అనుకుంటే, గాడిలో ప్రతి సెంటీమీటరుకు సుమారు 67 కిలోల నొక్కుడు. రెండు సెంటీమీటర్ల వెడల్పున్న వేలి మీద 133 కిలోలు. కప్పీ చిన్నదైతే ఇంకా ఎక్కువ. చిన్న కప్పీ తాడునే కాదు, వేలినీ ఎక్కువ నలుపుతుంది.

ఖాళీ హుక్కుతో పనిచేసేటప్పుడు తాడులో అంత బిగువు ఉండదు కదా అని అడగొచ్చు. నిజమే, అప్పుడు ఉండేది బ్లాకు సొంత బరువే. అందుకే ఖాళీ హుక్కు అంటే కొందరికి లెక్కలేదు. కానీ తాడు గాడిలోంచి తప్పుకోకుండా కప్పీ అంచుకు దగ్గరగా ఒక కడ్డీనో రేకునో పెడతారు. తాడు బయటపడకూడదు కాబట్టి ఆ సందు తాడు మందం కంటే బాగా తక్కువ. వేలు తాడుతోపాటు తిరుగుతూ అక్కడికి చేరితే తాడుకూ కడ్డీకీ గాడికీ మధ్య ఇరుక్కుంటుంది. అప్పుడు నలిపేది ఖాళీ హుక్కు బరువు కాదు, తాడును చుట్టి బరువులెత్తే హాయిస్టు మోటారు.

ఎవరి కోసం పెట్టిన గార్డు?

ఇక్కడ చరిత్ర కొంచెం చూడాలి. ఓడల మీద చెక్క బ్లాకుల కాలంలో కప్పీ దాదాపు మొత్తం చెక్క గుల్లలో దాగి ఉండేది. తాడు లోపలికి పోయే కన్నాన్ని ఇంగ్లిష్ నావికులు ‘స్వాలో’ అనేవాళ్లు. మింగడం అనే అర్థం కూడా ఉన్న మాట అది. తర్వాత ఉక్కు వచ్చింది. రెండు పక్క ప్లేట్లు, మధ్యలో ఇరుసు, వాటిని విడదీసి పట్టే రెండు మూడు బోల్టులు. బరువు తగ్గింది, బలం పెరిగింది, కప్పీ అంచు మాత్రం చుట్టూ బయటపడింది. ఆ బయటపడ్డ అంచు మీద మళ్లీ గార్డులు వచ్చాయి. అయితే అవి చేతి కోసం వచ్చినవి కావు.

అమెరికా వృత్తి భద్రతా సంస్థ ఓషా నియమాల్లో ఓవర్‌హెడ్ క్రేన్ల గురించిన 1910.179 సెక్షన్ చూడండి. కింది బ్లాకులోని కప్పీలకు దగ్గరగా అమరిన గార్డులు ఉండాలంటుంది. ఎందుకట? బ్లాకు నేల మీద పడి ఉండి తాళ్లు వదులైనప్పుడు అవి చిక్కుపడకుండా ఉండటానికి. ఆ వాక్యంలో బ్లాకు ఉంది, నేల ఉంది, తాడు ఉంది. చేయి లేదు. యంత్రాల కదిలే భాగాల గురించి సాధారణ నియమాలు వేరే ఉన్నాయి, నిజమే. కానీ బ్లాకు గీసేవాడు ముందు తెరిచేది క్రేన్ల పేజీనే, అక్కడ అతనికి కనిపించేది తాడు సమస్యే.

తాడు కోసం పెట్టిన గార్డు చేతిని అస్సలు కాపాడదని కాదు. ఒక రకంగా బాగానే కాపాడుతుంది, కాకపోతే దొడ్డిదారిన. తాడు గాడి తప్పితే ఏం జరుగుతుంది? ఎవరో ఒకరు పైకెక్కి, ‘కొంచెం వదులు చెయ్యి’ అని అరుస్తూ, వేళ్లతో తాడును గాడిలోకి తోస్తారు. వేళ్లు సరిగ్గా కాటు దగ్గరే ఉంటాయి, తాడు కదులుతూ ఉంటుంది. గాడి తప్పని బ్లాకు ఆ అవసరాన్నే తీసేస్తుంది. చేతి భద్రతకు ఇంతకంటే మంచి గార్డు లేదని నా అభిప్రాయం. చేయి అక్కడికి పోయే పనే లేకుండా చేసింది కాబట్టి.

యంత్రాల భద్రతకు మూలప్రమాణమైన ఐఎస్ఓ 12100 చెప్పే వరస కూడా ఇదే. ముందు డిజైన్‌లోనే ప్రమాదాన్ని తీసేయాలి. తీయలేనిదానికి అడ్డు పెట్టాలి. అదీ చాలనప్పుడు మిగిలిన ప్రమాదం గురించి హెచ్చరించాలి. చాలా బ్లాకుల మీద కనిపించేది ఈ మూడో మెట్టు ఒక్కటే, ‘చేతులు పెట్టరాదు’ అనే పసుపు స్టిక్కర్. గ్రీజు పట్టి ఆరు నెలల్లో అదీ కనబడదు.

ఇరవై మిల్లీమీటర్ల గొడవ

‘మొత్తం మూసేస్తే పోలా’ అని ఎవరికైనా అనిపిస్తుంది. మూయలేం, తాడు లోపలికి పోవాలి కాబట్టి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. దీన్ని అంకెల్లో చూస్తే తప్ప అర్థం కాదు.

గార్డులో ఎంత సందు ఉంటే ప్రమాదం ఎంత దూరంలో ఉండాలో ఐఎస్ఓ 13857 పట్టికలు చెబుతాయి. సందు 12 నుంచి 20 మిల్లీమీటర్ల మధ్య ఉంటే వేలు పూర్తిగా దూరుతుంది కాబట్టి, కాటు ఆ సందుకు కనీసం 120 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. 20 దాటిన పొడవాటి సందు నుంచి చేయి మొత్తం దూరే అవకాశం ఉంది కాబట్టి దూరం ఒక్కసారిగా 850 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. అంత పెద్ద గార్డు హుక్ బ్లాకుకు పెట్టలేం. అంటే డిజైనర్‌కు మిగిలింది ఒకటే దారి, 20 లోపు సందు, 120 లోతు. తాడు బ్లాకులోకి దిగేచోట గొట్టం మూతిలా పొడుచుకొచ్చిన ఒక మెడ.

16 మిల్లీమీటర్ల తాడు తీసుకుందాం. తాడు కప్పీలోకి ఎప్పుడూ నిట్టనిలువుగా దిగదు. డ్రమ్ము మీద పక్కకు జరుగుతూ చుట్టుకుంటుంది కాబట్టి కొంచెం వాలుగా వస్తుంది. ఆ వాలు 4 డిగ్రీల వరకు ఉండొచ్చనుకుందాం. 120 మిల్లీమీటర్ల పొడవున్న మెడ చివర ఆ 4 డిగ్రీలు 8.4 మిల్లీమీటర్ల పక్క జరుగుడుగా మారుతుంది. ఎడమకు అంత, కుడికి అంత. అంటే తాడు ఒక వైపుకు ఆనినప్పుడు రెండో వైపు సుమారు 17 మిల్లీమీటర్ల ఖాళీ కనిపిస్తుంది. తాడు గార్డుకు రాసుకోకుండా ఇటూ అటూ ఒకటిన్నర మిల్లీమీటర్ల వెసులుబాటు ఇస్తే ఖాళీ 20కి చేరుతుంది. హద్దు దగ్గర ఆగింది. తాడు వాడకంలో అరిగి సన్నబడిందా, హద్దు దాటింది.

చేయి లోపలికి పోకూడదని మెడను పొడవు చేస్తే, పొడవు చేసినందుకే దాని మూతి వెడల్పు చేయాలి. మూతి వెడల్పయితే మెడ ఇంకా పొడవు కావాలి. ఈ రెండూ ఒకదాన్నొకటి తరుముతుంటాయి. దీనికి తెలివైన పరిష్కారం గార్డులో లేదు, క్రేన్‌లో ఉంది. పై కప్పీలను, డ్రమ్ము గాళ్లను తాడు ఎక్కువ వాలకుండా అమరిస్తే, వాలు 2 డిగ్రీలకు తగ్గితే, పక్క జరుగుడు సగానికి తగ్గి 4.2 మిల్లీమీటర్లు అవుతుంది. అప్పుడు గార్డు మూతి ఇరుకు చేయొచ్చు. బ్లాకు ఒకరు, క్రేన్ ఇంకొకరు, తాడు మరొకరు అమ్మే వ్యవహారంలో ఈ సంగతి ముగ్గురికీ సొంత సమస్య కాదు. గార్డును కేటలాగ్‌లోంచి విడిభాగంలా కొని తగిలించేస్తే పనైపోయిందనుకోవడం ఇందుకే పొరపాటు.

ఇంకో సంగతి ఈ పట్టికల్లో ఇమడదు. సందులోంచి వేలు ఎంత దూరం చేరగలదో అవి చెబుతాయి, అంటే చేయి తనంతట తాను లోపలికి చాచినప్పటి లెక్క. మన ఖలాసీ చేయి చాచడం లేదు. తాడును పిడికిట్లో పట్టుకున్నాడు, తాడే చేతిని గార్డు మూతి దగ్గరికి తెస్తోంది. ఆ పిడికిలికి ముందు తగిలేది గార్డు అంచు. అంచు పదునుగా, లోపలికి వంగి ఉంటే గార్డే కొత్త కాటు అవుతుంది. అంచును బయటి వైపు కిందికి వాలేలా, గుండ్రంగా, మందంగా చేస్తే పిడికిలి దానికి తగిలి తాడు మీది నుంచి జారుతుంది. దెబ్బ తగులుతుంది, తోలు లేచినా లేవొచ్చు, వేళ్లు మిగులుతాయి. గరాటు ఆకారం అనగానే బోర్లించిన గరాటా, తెరిచిన గరాటా అన్న ప్రశ్న వస్తుంది. వెడల్పాటి నోరు పైకి తెరుచుకున్న గరాటు చేతిని లోపలికి పోగేస్తుంది. బోర్లించినదేమో చేతిని పక్కకు తోస్తుంది. కావలసింది రెండోది. తాడు తేలిగ్గా దిగుతుందని మొదటిది గీసేవాళ్లే ఎక్కువ.

రేకు మందం గురించి ఒక్క మాట. బ్లాకు నేలకు తగులుతుంది, బరువులకు గుద్దుకుంటుంది. పల్చటి రేకు గార్డు వంగి తాడును గీకడం మొదలుపెడితే పనివాళ్లు దాన్ని సుత్తితో సరిచేస్తారు, రెండోసారి పీకి పారేస్తారు. వాళ్లది తప్పని నేననను. తాడును కోసే గార్డు ఉండటం కంటే లేకపోవడమే మేలని వాళ్లకు అనుభవం చెబుతుంది. గార్డు గుద్దులు తట్టుకునేంత దిట్టంగా లేకపోతే అది కొనేనాటి ఫొటోలోనే ఉంటుంది.

పట్టుకోవడానికి ఏదో ఒకటి

మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం. చేయి తాడు మీదికి ఎందుకు పోయింది? పట్టుకోవడానికి వేరే ఏమీ లేక. అయితే పట్టుకోవడానికి ఏదైనా ఇస్తే సరి. బ్లాకు రెండు పక్కలా, ఇరుసుకు కిందగా, పక్క ప్లేట్ల మీద గుండ్రటి కడ్డీ పిడులు. ఇంత చిన్న మార్పుకు ఇన్ని మాటలు ఎందుకంటే, పిడిని తప్పుగా పెడితే అది ఇంకో ప్రమాదం తెస్తుంది.

పిడికీ బ్లాకుకూ మధ్య చేయి హాయిగా పట్టాలి. ఒంటి భాగాలు నలగకుండా ఉండాల్సిన కనీస ఖాళీలను ఐఎస్ఓ 13854 చెబుతుంది. వేలికి 25 మిల్లీమీటర్లు, చేతికి లేదా పిడికిలికి 100. కదిలే హుక్కుకూ కదలని ప్లేటుకూ మధ్య సందు వస్తే ఈ 25ను గుర్తుంచుకోవాలి. అంత ఖాళీ అయినా ఉండాలి, లేదంటే వేలి కొస కూడా దూరకుండా మూసేయాలి. 10, 15 మిల్లీమీటర్ల సందులే చెడ్డవి. ఇక పిడి బయటికి మరీ పొడుచుకొస్తే, బ్లాకు ఊగి గోడకో బరువుకో కొట్టుకున్నప్పుడు మెటికలు మధ్యలో నలుగుతాయి. అందుకే పిడి బయటి వైపు మెటికలకు అడ్డంగా ఒక కమ్మీ వంచి పెట్టడమో, పిడినే ప్లేటు అంచు దాటకుండా లోపలికి గుంటలా చేయడమో మంచిది. రంగు మాత్రం బ్లాకుకు పూర్తి విరుద్ధంగా ఉండాలి. చేయి కంటి వెంట పోతుంది.

పిడిని వెల్డింగ్ చేసి తగిలించడం అందరికీ తట్టే సులువు మార్గం. హుక్కు మీద అది అసలు చేయకూడదు. హుక్కు సాగగొట్టి, వేడి చికిత్స ఇచ్చిన ఉక్కు. ఒక్క చోట వెల్డింగ్ వేడి తగిలితే అక్కడ లోహం గుణం మారి, పగులు పుట్టడానికి చోటు దొరుకుతుంది. పక్క ప్లేట్లు కూడా చాలా బ్లాకుల్లో బరువు మోసేవే. తయారీదారు ఒప్పుకున్న చోట బోల్టులతో బిగించాలి.

పిడి పెట్టాక కూడా కొందరు హుక్కు మొననే పట్టుకుంటారు. పెద్ద బ్లాకుల్లో హుక్కు తిరగడానికి దాని మెడ పైకొసన నట్టు కింద బేరింగు ఉంటుంది. అది బిగుసుకుపోతే పిడిని ఎంత తిప్పినా హుక్కు తిరగదు, చేయి మళ్లీ హుక్కు మీదికే పోతుంది. చేతి భద్రత పట్టికలో ఈ బేరింగు గ్రీజు ఎక్కడా కనిపించదు, కానీ అది ఉండాల్సిన చోటు అదే. బరువు తీరు కూడా ఇలాంటిదే. బ్లాకు బరువు ఎక్కువ భాగం ఇరుసుకు కింద ఉంటే తాళ్లు వదులైనా అది నిటారుగా నిలబడుతుంది. పైన బరువున్న బ్లాకు నేలకు తగలగానే పక్కకు ఒరుగుతుంది. ఒరిగే వస్తువును పట్టుకోబోవడం మనిషికి పుట్టుకతో వచ్చిన అలవాటు, శిక్షణతో పూర్తిగా పోయేది కాదు.

బరువు చుట్టూ కట్టే పట్టీని లేదా తాడును స్లింగు అంటారు; దాన్ని హుక్కుకు తగిలించాక వచ్చే నిమిషం గురించి వేరే చెప్పాలి. తాడు బిగుసుకునేటప్పుడు స్లింగు కన్ను హుక్కు గిన్నెలోకి జారుతుంది. దాన్ని సరిగ్గా కూర్చోబెట్టాలని వేళ్లు మధ్యలో ఉంటాయి. ఇక్కడ కాటు కప్పీలో లేదు, హుక్కుకూ స్లింగుకూ మధ్య ఉంది. అనుభవమున్న రిగ్గర్లు (బరువులు కట్టేవాళ్లు) స్లింగును పిడికిలితో పట్టుకోరు, అరచేయి చాచి బయటి నుంచి ఆనిస్తారు. బిగుసుకుంటే చేయి బయటికే జారుతుంది. డిజైన్ వైపు నుంచి చేయగలిగిందేమిటంటే, లాచ్ (హుక్కు నోటిని మూసే నాలుక) తెరిచే మీట హుక్కు నోటి దగ్గర కాకుండా వెనక వైపు ఉండటం. లాచ్ తెరిచిన బొటనవేలు నోట్లో ఉండిపోదు.

ఆ బిగుసుకునే కాసేపు హాయిస్టు ఎంత నెమ్మదిగా కదిలితే అంత మంచిది. రెండు వేగాల హాయిస్టుల్లో నెమ్మది వేగం ఉన్నది ఇందుకే కానీ, తొందరలో బటన్‌ను ఒకేసారి అడుగుదాకా నొక్కేస్తారు. తాడులో బిగువు వచ్చేదాకా పెద్ద వేగం అందుబాటులోకే రాకుండా డ్రైవు సెట్టింగుల్లో పెట్టొచ్చు. రిమోట్ పట్టుకున్న మనిషే స్లింగు కూడా కట్టే చోట ఇంకో చిక్కు ఉంది. ఒక చేతిలో రిమోట్, రెండో చేయి హుక్కు మీద. రెండు చేతులూ రిమోట్ మీద ఉంటేనే కదిలే ఏర్పాటు అతన్ని కాపాడుతుంది. పక్కన సాయం పడుతున్నవాడిని మాత్రం కాపాడదు. ఈ పరిమితి తెలియకుండా దీన్ని సర్వరోగ నివారిణిలా అమ్మేవాళ్లున్నారు.

తెరుచుకునే బ్లాకు, గ్రీజు, తొడుగులు

స్నాచ్ బ్లాకు సంగతి కొంచెం వేరు. దాని పక్క ప్లేటు తలుపులా తెరుచుకుంటుంది, తాడు కొస దొరకకపోయినా మధ్యలో పెట్టేయొచ్చు. చాలాసార్లు నేల మీదో, నడుం ఎత్తులోనో కట్టి, వించి (తాడును చుట్టి లాగే యంత్రం) తాడును మలుపు తిప్పడానికి వాడతారు. అంటే కాటు సరిగ్గా చేతి ఎత్తులో ఉంటుంది. తాడు వెనక్కి తిరిగి సమాంతరంగా వస్తే బ్లాకు మీద పడేది తాడు బిగువుకు రెట్టింపు. 90 డిగ్రీల మలుపు దగ్గర 1.41 రెట్లు. అయిదు టన్నుల తాడుకు అయిదు టన్నుల బ్లాకు చాలనుకుంటే, కట్టిన చోటు ఊడిపోయి బ్లాకు తాడు మలుపు లోపలి వైపుకు దూసుకురావచ్చు. చేతికి సంబంధించి చూస్తే, ప్లేటు పూర్తిగా మూసుకుని పిన్ను పడితే తప్ప కొక్కేనికి తగిలించలేని అమరిక మంచిది. సగం మూసిన ప్లేటును చేత్తో నొక్కి పట్టి ‘లాగు’ అనే అవకాశమే ఉండదు.

రోజువారీ పనిలో కంటే మరమ్మతులో వేళ్లు కాటుకు దగ్గరగా పోతాయి. గ్రీజు నిపుల్ కప్పీ పక్కన లోపల ఉంటే చేయి లోపలికి పెట్టాల్సిందే. ఇరుసు మధ్య నుంచి కన్నం తొలిచి నిపుల్‌ను ఇరుసు చివర, ప్లేటు బయటికి తెస్తే గార్డు తీయకుండానే గ్రీజు పెట్టొచ్చు. గాడి అరుగుదల చూడటానికి గార్డులో చిల్లులున్న రేకు వాడొచ్చు. గుండ్రటి చిల్లు 8 మిల్లీమీటర్లు మించకపోతే, ఐఎస్ఓ 13857 ప్రకారం కప్పీ దాని వెనక 5 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నా సరిపోతుంది. బురద నీళ్లు కారిపోవడానికి కూడా ఆ చిల్లులు పనికొస్తాయి. కప్పీ బరువు తగ్గించడానికి దాని పళ్లెంలో పెద్ద కన్నాలు పెడతారు చూడండి, వాటిలోంచి వేలు దూరి ప్లేటు అంచుకు తెగే ప్రమాదం ఉంది. కన్నాల్లేని పళ్లెం కాస్త బరువెక్కువ, అంతే.

గార్డు విప్పక తప్పనప్పుడు స్క్రూలు గార్డుకో యంత్రానికో వేలాడుతూ ఉండాలి. యూరప్ మెషినరీ డైరెక్టివ్ 2006/42/ఇసి స్థిర గార్డుల విషయంలో ఈ మాట స్పష్టంగా రాసింది. పైన ఇరవై మీటర్ల ఎత్తులో జారిన స్క్రూను ఎవరూ వెతకరు, దాంతో గార్డు ఒక స్క్రూ మీదే వేలాడుతుంది, ఆ తర్వాత అదీ ఉండదు.

తొడుగులు వేసుకోవాలా? వేసుకోవాలి, తెగిన తీగల కోసం. వైరు రోప్ మీద విరిగిన తీగ చేప ముల్లులా గుచ్చుకుంటుంది. కానీ అదే ముల్లు తొడుగును కూడా పట్టుకుని లాగుతుంది, చేయి అందులోంచి ఊడిరాకపోతే తొడుగుతోపాటే పోతుంది. మెటికల మీద రబ్బరు దిమ్మెలున్న తొడుగులకు యూరప్ ఈఎన్ 388 ప్రమాణం 2016 రూపంలో ఉన్న దెబ్బ పరీక్ష 5 జౌళ్లది. కిలో బరువు అర మీటరు ఎత్తు నుంచి పడినంత. ఇందాకటి 133 కిలోల పక్కన దాన్ని పెట్టి చూడండి. మణికట్టు దగ్గర వదులుగా ఉండి, లాగితే సులువుగా ఊడే తొడుగు మంచిది. ఉంగరాలు ఇంట్లోనే ఉండాలి.

కొత్త గార్డు బిగించాక అది పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి డ్రాయింగు చాలదు. ఒక పాత చేతి తొడుగులో గుడ్డపీలికలు గట్టిగా కుక్కి, వేళ్లు ముడిచి, డెడ్ ఎండ్ వైపు తాడు చుట్టూ పిడికిలి పట్టినట్టు పల్చటి దారంతో కట్టండి. అందరూ దూరంగా నిలబడ్డాక అతి తక్కువ వేగంతో హుక్కును లేపండి, ఆ తొడుగును గార్డు అంచు పక్కకు తోస్తుందో లోపలికి తీసుకుంటుందో చూడండి. అదే తొడుగును డ్రమ్ము వైపు వరసకు కట్టి హుక్కును దించండి. హుక్కు అన్నిటికంటే పైకి చేరినప్పుడు, తాడు వాలు బాగా పెరిగినప్పుడు మళ్లీ చేయండి. చివరగా బ్లాకును నేల మీద కొంచెం ఒరగనిచ్చి ఇంకోసారి. తొడుగు ఒక్కసారైనా లోపలికి పోతే గార్డును విప్పి, అంచును మళ్లీ వంచాల్సిందే.